సర్వే గీతలు మూలల్లో కలవకపోతే ఆటోక్యాడ్‌లో ఏ వరసలో సరిచేయాలి

మీ ప్రశ్న ఇదీ: ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల టోటల్ స్టేషన్ (దూరం, కోణం, ఎత్తు కొలిచే పరికరం) సర్వే మీ చేతికొచ్చింది. గట్ల గీతలు కొన్ని మూల దాకా రాకుండా ఆగాయి, కొన్ని దాటిపోయాయి. ఒక్కోదాన్నీ ట్రిమ్ (కోయడం), ఎక్స్‌టెండ్ (సాగదీయడం) చేసేసరికి పూట గడిచిపోతోంది, అంతా అయ్యాక గీతలు ఒకే హద్దుగా జాయిన్ కావడం లేదు, ఏరియా రావడం లేదు.

వరస మార్చండి. ముందు జెడ్ (ఎత్తు) విలువలు, తర్వాత డబుల్ గీతలు, ఆ తర్వాత మూలలు, ఆఖర్న జాయిన్. ఇప్పుడు మీరు మూడోదానితో మొదలుపెడుతున్నారు.

సర్వే పాయింట్లకు లెవెల్ ఉంటుంది కాబట్టి వాటిని కలుపుతూ గీసిన గీతకు ఒక కొస 1.2 మీటర్ల ఎత్తులో, ఇంకో కొస 1.7లో ఉంటుంది. పైనుంచి చూస్తే రెండు గీతలు తాకినట్టే కనిపిస్తాయి, నిజానికి ఒకదాని కింద ఒకటి పోతుంటాయి. మూలలు కలిపే ఫిల్లెట్ కమాండ్ ఒప్పుకోనిది, గీతలను జాయిన్ చేసే పీఈ (పాలీలైన్ ఎడిట్) కలుపుకోనిది ఇందుకే. ఫైలు కాపీ తీసుకుని అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ 1 నొక్కండి. ప్రాపర్టీస్ పైనున్న జాబితాలో లైన్ మాత్రమే ఎంచుకుని స్టార్ట్ జెడ్, ఎండ్ జెడ్ రెండూ 0 చేయండి. పాలీలైన్లకైతే (చాలా ముక్కలు కలిసిన ఒకే గీత) ఎలివేషన్ 0. పాయింట్ల జోలికి మాత్రం పోవద్దు, లెవెల్స్ పోతే సెక్షన్లు గీయలేరు.

తర్వాత ఓవర్‌కిల్. ఒకదాని మీద ఒకటి పడిన గీతలు దీంతో పోతాయి. డ్రాయింగ్ మీటర్లలో ఉంటే టాలరెన్స్ 0.005 చాలు, అంటే 5 మిల్లీమీటర్లు. అందులో కొస కొస తగిలిన ఒకే వరస గీతలను కలిపేసే ఆప్షన్‌కు టిక్ తీసేయండి. లేకపోతే వరసగా ఉన్న నాలుగు గుంటల గట్టు ఒకే పొడుగు గీత అయిపోయి, గుంట గుంటకీ హద్దు కట్టడం కష్టమవుతుంది.

మూలలకు ట్రిమ్ అక్కర్లేదు. ఎఫ్ (ఫిల్లెట్) ఎంటర్, ఎమ్ (మల్టిపుల్, వరసగా చాలా మూలలకు) ఎంటర్, మొదటి గీత క్లిక్, షిఫ్ట్ పట్టుకుని రెండో గీత క్లిక్. రేడియస్ ఎంతున్నా షిఫ్ట్ పట్టుకుంటే అది సున్నా కిందే లెక్క. పొట్టిది సాగుతుంది, దాటింది తెగుతుంది, రెండూ ఒకే దెబ్బతో అయిపోతాయి. ఉండాల్సిన వైపునే క్లిక్ చేయాలి, అవతల ముక్క పట్టుకుంటే అదే మిగులుతుంది. ఫిల్లెట్ చేసినా కొసలు కదలకపోతే ట్రిమ్‌మోడ్ సెట్టింగ్ 0లో ఉండి ఉంటుంది, 1 చేయండి.

నడి గట్టు వచ్చి పెద్ద గట్టుకు తగిలే చోట ఫిల్లెట్ వాడకండి, పెద్ద గట్టునే కోసేస్తుంది. అక్కడ టీఆర్ (ట్రిమ్). 2021 వెర్షన్ నుంచి ఇది క్విక్ మోడ్‌లో వస్తుంది: గీతల మీదుగా మౌస్ లాగితే తెగుతాయి, షిఫ్ట్ పట్టుకుంటే సాగుతాయి. జాగ్రత్త, దేనికీ తగలని గీతను క్లిక్ చేస్తే మొత్తం డిలీట్ అవుతుంది. పాత పద్ధతే కావాలంటే ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ 0.

జాయిన్‌కు పీఈ, ఎమ్, గీతల సెలెక్షన్, ఎంటర్, జె, ఫజ్ డిస్టెన్స్ (కొసల మధ్య ఎంత ఖాళీ వరకు కలపాలో) 0.01. పెడిట్‌యాక్సెప్ట్ 1 చేసి ఉంచుకుంటే పాలీలైన్‌గా మార్చాలా అని ప్రతిసారీ అడగదు. ఫజ్ పెంచి అరమీటరు పెట్టడం నాకు నచ్చదు, కలవకూడని గీతను కూడా పట్టేస్తుంది. మూడు గట్లు కలిసే చోట పీఈ తప్పు దారిలో పోతుంది. అలాంటప్పుడు బీఓ (బౌండరీ, చుట్టూ హద్దు గీసే కమాండ్) ఇచ్చి గుంట లోపల క్లిక్ చేయడమే సులువు, గుంట మొత్తం స్క్రీన్ మీద కనిపించేలా ఉంచాలి. ఎక్కడ తెరిచుందో తెలియకపోతే హ్యాచ్ (లోపల గీతలు నింపే కమాండ్) వేసి చూడండి, కలవని కొసల దగ్గర ఎర్ర సున్నాలు చూపిస్తుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా బీఓ, హ్యాచ్ మొరాయిస్తే కోఆర్డినేట్లు చూడండి. మన నెల్లూరు జిల్లా యూటీఎమ్ (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 44వ జోన్, నార్తింగ్ (ఉత్తర దిశ కొలత) 15 లక్షల మీటర్లు దాటి ఉంటుంది. అంత పెద్ద అంకెలతో ఈ కమాండ్లు తడబడతాయి. డ్రాయింగ్‌ను మూవ్ చేయకండి, యూసీఎస్ (మనకు కావాల్సినట్టు అక్షాలు మార్చుకునే కమాండ్) ఇచ్చి గుంట మూల దగ్గర ఆరిజిన్ (సున్నా బిందువు) పెట్టుకోండి.

ఏరియా చదరపు మీటర్లలో వస్తుంది. 4046.86తో భాగిస్తే ఎకరాలు: 9600 చదరపు మీటర్లంటే 2.37 ఎకరాలు. ఇదే పద్ధతిలో నెల్లూరులో ఇళ్ల ప్లాట్లు చేసేటప్పుడు అంకణం 72 చదరపు అడుగులు కాబట్టి 6.689తో భాగించాలి.

తర్వాత రైతు వచ్చి గట్టు రెండడుగులు వెడల్పు చేయమంటే మళ్లీ గీయొద్దు. యూసీఎస్, ఓబీ (ఆబ్జెక్ట్) ఇచ్చి ఆ గట్టు గీతనే క్లిక్ చేయండి, అక్షాలు దాని దిశకు తిరుగుతాయి కాబట్టి వాలుగా ఉన్న గట్టుకు కూడా ఎఫ్8 (నిలువుగా, అడ్డంగా మాత్రమే కదిలించే ఆర్థో) పనిచేస్తుంది. ఎస్ (స్ట్రెచ్) ఇచ్చి, కుడి నుంచి ఎడమకు విండో వేసి జరగాల్సిన అంచు రెండు కొసలూ అందులో పడేలా చూసి, అటువైపు మౌస్ చూపి 0.61 (రెండడుగులు మీటర్లలో) కొట్టండి. విండోలో పడని మూల కదలదు, ఆకారం వంకరపోతుంది. ఐడీ కమాండ్‌తో పాయింట్ల కోఆర్డినేట్లు తీసి సర్వేయర్‌కు ఇచ్చే ముందు యూసీఎస్, డబ్ల్యూ కొట్టి వరల్డ్‌కు రండి, లేకపోతే మీరు పెట్టుకున్న ఆరిజిన్ నుంచి లెక్క ఇస్తుంది.