న్యాయం సంగతి తర్వాత చూద్దాం

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. తప్పుల్లేకుండా రాశావు, సంతోషం. కానీ "డేవిడ్ లీన్ నవలకు పూర్తి న్యాయం చేయలేకపోయాడనే చెప్పాలి" అన్న వాక్యం దగ్గరికొచ్చేసరికి చిరాకేసి ఫోన్ పక్కన పడేశాను. ఈ న్యాయం అనే మాట మన సినిమా రాతల్లోకి ఎవరు తెచ్చారో గానీ, పాత్రకు న్యాయం, కథకు న్యాయం, చివరికి టికెట్ డబ్బులకు న్యాయం, రాసే ప్రతివాడూ జడ్జీ అయి కూర్చున్నాడు. నిన్నగాక మొన్న రాయడం మొదలుపెట్టావు, నీకెందుకమ్మా ఆ కుర్చీ?

డికెన్స్ నవలను డేవిడ్ లీన్ తీస్తే 1946లో వచ్చిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' సినిమా గురించి రాస్తానని చెప్పి నువ్వు చేసిందేమిటంటే, నవల ఒక చేత్తో, సినిమా ఒక చేత్తో పట్టుకుని కొట్లో స్టాకు లెక్క చూసినట్టు చూశావు. పగబట్టి తిరిగే ఓర్లిక్ లేడు. కథానాయకుడు పిప్‌కు చిన్ననాటి స్నేహితురాలు బిడ్డీ, ఆమె పాత్ర కుదించారు. ముగింపు మార్చారు. అన్నీ నిజాలే, కాదనను. ఛాయాగ్రహణానికి ఒకటి, కళాదర్శకత్వానికి ఒకటి ఆస్కార్లు వచ్చాయని కూడా రాశావు. ఎందుకొచ్చాయో ఒక్క ముక్క లేదు! తెర మీద నీకేం కనిపించింది, చెవికేం వినిపించింది అన్నది ఎక్కడా లేదు.

మొదటి సీన్ గుర్తు చేసుకో. బురదనేల పక్కన గట్టు మీద ఒక పిల్లాడు, అదే పిప్, పరిగెడుతుంటాడు, ఆకాశం వాడికన్నా ఎన్నో రెట్లు పెద్దది, దారి పక్కన ఉరికొయ్యలు. శ్మశానంలో అమ్మానాన్నల సమాధి దగ్గర కూర్చుంటాడు. గాలి, కొమ్మలు కిర్రుమంటున్నాయి, వాడు తలెత్తి చూస్తే చెట్టు మానుకు మొహం ఉన్నట్టుంటుంది. భయపడి లేచి పరుగు తీస్తాడు, వాడితో పాటు కెమెరా కూడా కదులుతుంది, చెట్టు నుంచి తప్పించుకున్నాడని మనం ఊపిరి పీల్చుకునేలోపు నేరుగా వెళ్ళి జైలు నుంచి పారిపోయొచ్చిన ఖైదీ చేతుల్లో పడతాడు. చెట్టును చూపించి మనల్ని మోసం చేశాడు లీన్. డికెన్స్ నవల్లో ఈ గాలీ చెట్టూ ఇలా ఉండవు. అక్కడ పిప్ సమాధి రాళ్ళ మీద అక్షరాల వంపులు చూసి, నాన్న నల్లగా బలంగా ఉంగరాల జుట్టుతో ఉండేవాడేమో అని ఊహించుకుంటాడు. చదువుతుంటే నవ్వొస్తుంది, వెంటనే కడుపులో ఎక్కడో పట్టేస్తుంది. ఆ అక్షరాల ఊహని కెమెరాతో తీయడం కుదరదు. అందుకని అదే పిల్లాడి ఒంటరితనాన్ని, అదే భయాన్ని గాలిలోంచీ చెట్లలోంచీ పట్టుకొచ్చాడు. ఛాయాగ్రాహకుడు గై గ్రీన్‌కు ఆస్కార్ ఊరికే రాలేదు.

నేనీ సినిమా మొదటిసారి కాకినాడలో ఫిల్మ్ సొసైటీ వాళ్ళు వేసినప్పుడు చూశాను. చెక్క కుర్చీలు, వెనక ప్రొజెక్టర్ గొడవ, సబ్‌టైటిల్స్ లేవు, ఆ ఇంగ్లీషు నాకు సగానికి సగం అర్థం కాలేదు. పక్కవాళ్ళు నవ్విన చోట ఆలస్యంగా నవ్వేవాణ్ణి. మాటలు అందకపోవడం వల్లే చూడటం వచ్చింది నాకు. పెళ్ళి ఆగిపోయిన రోజు దగ్గరే ఆగిపోయిన ఆ మిస్ హావిషామ్ గది, బూజు పట్టిన పెళ్ళి కేకు, ఎప్పుడో ఆగిపోయిన గడియారం, కిటికీలన్నీ మూసేసిన ఆ చీకట్లో కొవ్వొత్తి వెలుగు ఎంతవరకు పాకుతుందో అంతవరకే మనకు కనిపించడం, ఇవన్నీ ఇప్పటికీ నోటికొచ్చు. ఇప్పుడు మీకు అన్ని భాషల్లోనూ సబ్‌టైటిల్స్ ఉన్నాయి, కళ్ళు తెర అడుగునే అతుక్కుపోతున్నాయి.

ఓర్లిక్ సంగతి. 59 అధ్యాయాల నవల, 118 నిమిషాల సినిమా. లీన్ దర్శకుడు కాకముందు ఎడిటర్, కత్తెర పట్టుకుని బతికినవాడు. పిప్ అక్క మీద దాడి చేసినవాణ్ణీ, తర్వాత పిప్‌నే చంపబోయినవాణ్ణీ ఏకంగా తీసి పారేశాడంటే మరిచిపోయి కాదు. వాడుంటే సినిమా వాడి పగ వెంట వెళ్ళేది. తనవాళ్ళను చూసి పిప్ పడే సిగ్గు మన కంటబడేది కాదు. ముగింపంటావా, అసలు డికెన్సే ముందు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా విడిపోయేలా రాసి, తోటి నవలాకారుడు బుల్వర్ లిటన్ చెప్పాడని మార్చాడు. మరి ఏ ముగింపుకు న్యాయం చేయమంటావు లీన్‌ని? ఆయన మూడోది తీశాడు, పిప్ ఆ హావిషామ్ గది తెరలన్నీ చించి లోపలికి ఎండ రానిచ్చేది. నాకది కొంచెం గట్టిగా అరిచినట్టే ఉంటుంది, కానీ ఆ చీకటిని అంతసేపు భరించినవాళ్ళకు ఆ వెలుతురు కావాలి. చిన్నప్పటి ఎస్టెల్లాగా వేసిన జీన్ సిమన్స్ తెర మీంచి వెళ్ళిపోయాక ఎస్టెల్లాలో చురుకు తగ్గిందన్నావు, ఒప్పుకుంటాను. పెద్దయిన పిప్‌గా వేసిన, నలభైకి దగ్గరపడ్డ జాన్ మిల్స్‌ని కుర్రాడంటే నమ్మడం కూడా కష్టమే.

డికెన్స్ అదృష్టవంతుడు, ఆ నవల వారం వారం వేసిన పత్రికకు తనే ఎడిటర్. మనకా భాగ్యం లేదు. ఒక వారపత్రికకు నేను కథ పంపితే, ఎడిటర్ గారికి చివర్లో సందేశం కనిపించలేదట, ఆయనే ఒక వాక్యం కలిపి వేశాడు, తల్లిదండ్రుల్ని గౌరవించడమే నిజమైన చదువని. చుట్టాలంతా ఫోన్ చేసి ఆ వాక్యాన్నే మెచ్చుకున్నారు! అప్పట్నుంచి ఏ రచనలోనైనా చివరి పేరా చూస్తే ముందు అనుమానమే నాకు. నీ చివరి పేరా కూడా కొట్టేశాను.

ఇక అసలు విషయం. పిప్‌ని పెంచిన బావ, పల్లెటూరి కమ్మరి జో, అతన్ని చూడ్డానికి లండన్ వచ్చిన సీన్ గురించి రాస్తూ బ్రాకెట్లలో ఒక వాక్యం పెట్టావు, నాన్న హాస్టల్‌కు వస్తే గేటు బయటే ఉండమన్నానని. బ్రాకెట్లలో! ఓర్లిక్‌కు పేరా ఇచ్చి, నాన్నకు రెండు గీతల మధ్య చోటిచ్చావు. జో రాకుండా డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చేవాణ్ణని పిప్ ఒప్పుకుంటాడే, ఆ ఒక్క మాట కోసమే ఆ నవల నిలబడింది. నువ్వది చదివావు, నీకు తగిలింది, తగిలిన చోటే దాచేశావు.

ఆ లెక్కలన్నీ తీసెయ్. ఓర్లిక్‌ని లీన్ తీసినట్టే తీసెయ్, జాలి పడకు. సినిమాలో జో సీనూ, ఆ గేటూ ఉంచు. నాన్న చేతిలో సంచి ఉందన్నావు, అందులో ఏముంది? ఎంతసేపు నిలబెట్టావు? వాచ్‌మన్ ఏమన్నా అన్నాడా? ఆయన నిన్ను ఏమని పిలిచాడు? జో అయితే పిప్‌ని ఒకసారి 'సర్' అంటాడు, ఒకసారి పాత చనువుతో పిలుస్తాడు, ఆ తడబాటు విను. నాన్న బాధపడ్డాడని నువ్వు చెప్పకు, నీకేం అనిపించిందో కూడా ఇప్పుడే రాయకు.

పెన్ నేమ్ గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ మళ్ళీ రాస్తాను. నవల మొత్తం ఇంకోసారి చదవాలా అని అడిగావు కదా, అక్కర్లేదు. 27వ అధ్యాయం చదువు, చదివి రాసి పంపు.