ఊరు మారేటప్పుడు వాతావరణంలో ఏం చూసుకోవాలి?

ఎండా చలీ మితంగా ఉండాలి, కారు లేకుండా గడవాలి, అలాంటి ఊరు ఎలా వెతుక్కోవాలి అని అడిగారు. ముందుగా, ఏడాది సగటు ఉష్ణోగ్రతను నమ్మకండి. వేసవిలో 40, చలికాలంలో 0 ఉండే చోటికీ, ఏడాదంతా 20 దగ్గరే ఉండే చోటికీ సగటు ఒకేలా రావచ్చు. నెలవారీ గరిష్ఠం, కనిష్ఠం చూడండి. వేసవి రాత్రుల కనిష్ఠం మరీ ముఖ్యం, రాత్రి కూడా చల్లబడని ఊళ్లో నిద్ర సరిగా పట్టదు.

నన్నడిగితే అసలు చూడాల్సింది తేమ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, గాలి నిండా తేమ ఉంటే అది ఆరదు, అందుకే 38 డిగ్రీల పొడి ఎండ కంటే 33 డిగ్రీల ఉక్కపోతే ఎక్కువ నీరసం తెప్పిస్తుంది. వాతావరణ యాప్‌లలో డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) అని ఉంటుంది చూడండి, అది 16 డిగ్రీల లోపు ఉంటే హాయి, 21 దాటితే చొక్కా వీపుకి అంటుకుపోతుంది.

ఎత్తు కూడా లెక్కే. ప్రతి 1,000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, భూమధ్యరేఖ పక్కనే ఉన్నా 2,850 మీటర్ల ఎత్తులోని ఈక్వెడార్ రాజధాని క్విటో చల్లగా ఉండేది ఇందుకే.

ఇక మారే ముందు దయచేసి ఆ ఊరికి ఏడాదిలో అన్నిటికన్నా ఇబ్బందిగా ఉండే నెలలోనే వెళ్లి, ఓ రెండు వారాలు అద్దెకుండి, సరుకులకీ మందులకీ నడిచే వెళ్లి రండి.