పనితనం పిల్లలకు ఎలా చూపాలి?

మేడమ్ గారూ, చీమకుర్తిలో మీ తరగతి పిల్లలకు 2009 నాటి యానిమేషన్ (బొమ్మలు కదిలే) సినిమా ‘అప్’ చూపిస్తే, ‘అంతా కంప్యూటరే చేసింది కదా’ అన్నారని రాశారు. సినిమా మళ్లీ మొత్తం వేయకండి. కార్ల్, ఎల్లీల దాంపత్యం గడిచిపోయే ఆ నాలుగైదు నిమిషాలే వేయండి. అందులో మాటలుండవు. మొదట శబ్దం ఆపి, తర్వాత మైకేల్ జియాకినో సంగీతంతో చూపండి. ఏం మారిందో వాళ్లే చెబుతారు. ఆకారాలనూ గమనించమనండి: కార్ల్ ముఖం, కళ్లజోడు, కుర్చీ అన్నీ నలుచదరమైనవి, ఎల్లీవి గుండ్రనివి. ఎల్లీ పోయాక కూడా ఆమె కుర్చీ అతని కుర్చీ పక్కనే ఉంటుంది. ఎంత ప్రేమగా ఆలోచించారో! నాకు తలచుకున్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది.

కదలిక మాత్రం బయట నేర్పండి. మీ దగ్గర ఒంగోలు గిత్తలు ఉన్నాయి కదా, అంతకంటే మంచి పాఠం దొరకదు. నడుస్తుంటే బరువు ఏ కాలి మీద పడుతోంది, మూపురం ఎటు ఒరుగుతోంది, అడుగు ఆగాక గంగడోలు ఇంకెంతసేపు ఊగుతోంది, ఇవి చూసి నోటుపుస్తకం అంచుల్లో వరుసగా గీయమనండి. గబగబా పేజీలు తిప్పితే గిత్త నడుస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిలుపు చిత్రాలు. చేతితో గీసేవారు చాలాసార్లు సెకనుకు 12 బొమ్మలే గీసి, ఒక్కోదాన్ని రెండు ఫ్రేములు నిలుపుతారు. మీవాళ్లకూ ముందు ఆ 12 చాలు.