క్రౌన్ క్లెయిములు ఎందుకు ఆగిపోతున్నాయి?

ప్రశ్న: అమెరికాలో, టెక్సస్‌లోని ఒక డెంటల్ ఆఫీసులో బిల్లింగ్ చూస్తున్నాను. క్లీనింగులకు, ఫిల్లింగులకు డబ్బు సవ్యంగానే వస్తోంది. క్రౌన్ (పన్నుకు వేసే తొడుగు), డీప్ క్లీనింగ్ (చిగురు కింద వేళ్లదాకా చేసే శుభ్రం) క్లెయిములు మాత్రం ‘అదనపు సమాచారం కావాలి’ అంటూ ఆగిపోతున్నాయి. గడులన్నీ నింపే పంపుతున్నాం. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, ప్లేనో

జవాబు: గడులు నిండితే సరిపోదండీ, రుజువు కూడా చేరాలి. ఫిల్లింగుకు చాలావరకు కోడ్ చూసి చెల్లిస్తారు. క్రౌన్ (పింగాణీదైతే కోడ్ డి2740) అయితే బీమా కంపెనీ తరఫు డెంటిస్టు పరిశీలిస్తారు. పేషెంటు నోరు ఆయన చూడరు, మీరు పంపిన కాగితాలే చూస్తారు.

క్రౌన్ కోసం పన్ను అరగదీయకముందు తీసిన పెరియాపికల్ (పన్ను మొత్తాన్ని వేరుతో సహా చూపే) ఎక్స్‌రే జతచేయండి. వేరు కొసదాకా కనిపించాలి, దానిమీద తీసిన తేదీ ఉండాలి. బీటలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు కాబట్టి నోటి లోపలి ఫొటో కూడా పంపండి.

ఇక ఏడీఏ (అమెరికన్ డెంటల్ అసోసియేషన్) క్లెయిము ఫారంలో 35వ గడి, రిమార్క్స్. ‘పన్ను పాడైంది, క్రౌన్ అవసరం’ అని రాసినా, ఖాళీగా వదిలేసినా ఒకటే. ‘14వ పన్ను. పాత ఎంఓడీ అమాల్గమ్ కింద మళ్లీ పుచ్చింది. మీసియోలింగ్వల్ కస్ప్ విరిగింది. మిగిలిన గట్టి భాగం సగంకంటే తక్కువ. మొదటిసారి వేస్తున్న క్రౌన్’ – ఇంత వివరం ఉండాలి. (ఎంఓడీ అమాల్గమ్ అంటే నమిలే పైభాగంతోపాటు ముందు, వెనక పక్కలకూ వేసిన వెండిరంగు ఫిల్లింగ్; మీసియోలింగ్వల్ కస్ప్ అంటే పన్నుకు ముందుపక్క, నాలుకవైపున ఉండే మొన.) పాత క్రౌన్ తీసి కొత్తది వేస్తుంటే 43వ గడిలో ‘అవును’ పెట్టి, పాతది వేసిన తేదీ 44లో రాయండి. ఎన్నేళ్లకు మార్చవచ్చన్నది ప్లాన్‌నిబట్టి ఉంటుంది. ఆ తేదీ లేకపోతే లెక్క తేలక క్లెయిము ఆగుతుంది. మీరు రాసే ప్రతి మాటా డాక్టరుగారి క్లినికల్ నోట్సులో ఉండాలి. ఒకే పేరాను అందరి క్లెయిముల్లో అతికించే ఆఫీసులు ఆడిట్‌లో ఇరుక్కుంటాయి.

కోర్ బిల్డప్ (డి2950), అంటే పోయిన పన్ను భాగాన్ని మెటీరియల్‌తో కట్టడం, క్రౌన్ నిలవడానికి పన్ను చాలనప్పుడే. అండర్‌కట్ (పన్ను పక్కన లోపలికి పోయిన గుంట) పూడ్చడానికి వేసిన మెటీరియల్‌కు ఆ కోడ్ వాడకూడదు.

తేదీ విషయం గట్టిగా చెప్పాలి. చాలా ప్లాన్లు క్రౌన్ అతికించిన రోజునే లెక్కలోకి తీసుకుంటాయి, కొన్ని అరగదీసిన రోజును. ప్లాన్‌ను ముందే అడగండి. డిసెంబరులో మిగిలిన బెనిఫిట్ వాడుకుందామని జనవరి పనికి డిసెంబరు తేదీ వేస్తే అది మోసమే, పేషెంటు బతిమాలినా సరే.

డీప్ క్లీనింగులో ఒక క్వాడ్రంట్‌లో (నోటిలో నాలుగోవంతు) నాలుగు, అంతకుమించి పళ్లకు చేస్తే డి4341. ఒకటి నుంచి మూడు పళ్లకైతే డి4342. 25వ గడిలో క్వాడ్రంట్ నంబరు వేయండి: కుడి పైన 10, ఎడమ పైన 20, ఎడమ కింద 30, కుడి కింద 40. పన్నుకు ఆరుచోట్ల చిగురు లోతు కొలిచిన పెరియో చార్టు, ఎముక తరిగినట్టు చూపే ఎక్స్‌రే రెండూ కావాలి. పాకెట్లు (చిగురుకూ పన్నుకూ మధ్య సందులు) లోతుగా ఉన్నా ఎముక నష్టం కనిపించకపోతే తిరస్కరిస్తారు.

ప్రశ్న: పిల్లవాడికి తల్లి ప్లాన్, తండ్రి ప్లాన్ రెండూ ఉన్నాయి. ముందు ఎవరిది?

జవాబు: సంవత్సరంలో ఎవరి పుట్టినరోజు ముందు వస్తే వారిది. నెల, తేదీ మాత్రమే చూడాలి, వయసు కాదు. విడాకులు తీసుకున్నవారైతే కోర్టు ఉత్తర్వుది పైచేయి. మొదటి ప్లాన్ ఈఓబీ (ఎంత చెల్లించారో చెప్పే వివరణ పత్రం) వచ్చాకే, దాన్ని జతచేసి రెండోదానికి పంపండి.

ప్రశ్న: క్లెయిము పంపి నెల దాటింది, ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ పంపాలా?

జవాబు: ముందు క్లియరింగ్‌హౌస్ (క్లెయిములను బీమా కంపెనీలకు చేరవేసే మధ్యవర్తి సంస్థ) రిపోర్టు తెరవండి. అక్కడే రిజెక్ట్ అయివుంటే అది కంపెనీకి చేరనే లేదు. తప్పు దిద్ది కొత్తగా పంపవచ్చు. కంపెనీ తీసుకున్నాక మళ్లీ పంపితే డూప్లికేట్ అని కొట్టేస్తారు, అందుకే అప్పుడు ఫోన్ చేసి అడగండి. రిజెక్ట్‌కు సాధారణ కారణాలు పేయర్ ఐడీ (బీమా కంపెనీ గుర్తింపు సంఖ్య) తప్పు, పేరు లేదా పుట్టినతేదీ సరిపోకపోవడం. మన తెలుగువారిలో ఇది మరీ ఎక్కువ: ఇంటిపేరు ముందు చెబుతారు, తేదీ నెలకంటే ముందు రాస్తారు, సర్టిఫికెట్ తేదీ ఒకటి, అసలు తేదీ మరొకటి. పేషెంటును చేర్చుకునేటప్పుడే బీమా కార్డు రెండువైపులా స్కాన్ చేసి, పేరు అక్షరం పొల్లుపోకుండా అందులో ఉన్నట్టే ఎక్కించండి. పుట్టినతేదీ కార్డు మీద సాధారణంగా ఉండదు. బీమా కంపెనీ రికార్డులో ఏముందో ఎలిజిబిలిటీ (బీమా వర్తిస్తుందా అన్నది) చూసేటప్పుడు సరిపోల్చుకోండి.