సినిమా సగంలో లేచి వెళ్ళిన నాన్నగారికి

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్ళు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1997లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద అమెరికా వచ్చి డాలస్ పక్కన స్థిరపడ్డాను. ఊళ్ళో మా నాన్న కట్టిన ఇల్లు తాళం వేసి ఉంది, అయినా ఏటా సంక్రాంతికి ముందు సున్నం వేయిస్తాను. మాకు ఒక్కతే కూతురు, ఇరవై ఏడేళ్ళు, ఫార్మసిస్టు. తనతో పనిచేసే నల్లజాతి అబ్బాయిని రెండేళ్ళుగా ప్రేమిస్తున్నాననీ, పెళ్ళి చేసుకుంటాననీ దసరాకు చెప్పింది. నాకు కులం పట్టింపు లేదు. తెలుగువాడైతే చాలన్నాను, తర్వాత భారతీయుడైనా సరేనన్నాను. మన భాష, మన పండుగలు నాతోనే ఆగిపోతాయన్నదే నా బాధ. మొన్న ఆదివారం ‘మిసిసిపీ మసాలా’ అనే పాత సినిమా పెట్టి మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టింది. సముద్రం ఒడ్డున హోటల్ గొడవ దగ్గర నేను లేచి వెళ్ళిపోయాను. నా భార్య చివరిదాకా చూసి ఏడ్చింది. అప్పటి నుంచి ఇంట్లో మాటల్లేవు. అమ్మాయికి ఎలా నచ్చజెప్పాలో చెప్పండి.

జవాబు: మీరు కాగితం మీద చేత్తో రాసి ఫోటో తీసి పంపారు. దానివల్ల నాకు ఒక మేలు జరిగింది. ‘భారతీయుడైనా సరేనన్నాను’ అన్న చోట మీరు ఇంకో వాక్యం రాసి కొట్టేశారు. ఒక్క గీతే గీశారు కాబట్టి కింద ఉన్నది తేలిగ్గానే చదవగలిగాను: ‘తెల్లవాడైనా ఎలాగో సర్దుకునేవాణ్ణి.’ టైపు చేసి ఉంటే ఈ వాక్యం నా దాకా వచ్చేది కాదు. దాన్ని మీ అనుమతి లేకుండా ఇక్కడ బయటపెడుతున్నందుకు క్షమించాలి. కానీ మీ ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చిన వాక్యం అదొక్కటే.

భాష గురించే మీ బెంగ అయితే తెల్ల అల్లుడు మాత్రం మీతో కూర్చుని పోతన పద్యాలు చదువుతాడా? అట్లతద్దికి ఉయ్యాల కడతాడా? అతనితో సర్దుకోగలిగినవారు ఇతనితో ఎందుకు సర్దుకోలేరు? తేడా భాషలో లేదు, పండుగలో లేదు. అది ఎక్కడుందో మీకు తెలుసు కాబట్టే ఆ వాక్యం కొట్టేశారు. రాసి కొట్టేసిన మనిషి మీద నాకు ఆశ ఉంది. రాయకుండానే దాచేవారితో మాట్లాడటం కష్టం.

మీరు లేచి వెళ్ళిన చోటు గురించి కూడా చెప్పాలి. మీరా నాయర్ 1991లో తీసిన ఆ సినిమా నేను రెండుసార్లు చూశాను. దాన్ని భారతీయ అమ్మాయి మీనా, నల్లజాతి కుర్రాడు డెమెట్రియస్‌ల ప్రేమకథ అనుకుంటాం. డెమెట్రియస్‌గా హాలీవుడ్ నటుడు డెంజెల్ వాషింగ్టన్ ఉన్నాడు కాబట్టి చూపంతా అటే పోతుంది. కానీ బిలాక్సీ హోటల్ గదిలోకి బంధువులు చొరబడి కొట్లాట, పోలీసులు, రచ్చ అయ్యాక అది తండ్రి కథగా మారుతుంది. సరిగ్గా మీకు పనికొచ్చే భాగం మొదలయ్యే చోట మీరు లేచారు.

మీనా తండ్రి జై పుట్టింది ఉగాండా రాజధాని కంపాలాలో. బ్రిటిష్‌వారు తూర్పు ఆఫ్రికాలో రైలుమార్గం వేయించడానికి మనవాళ్ళను కూలీలుగా తీసుకుపోయిన కాలం నుంచి అక్కడ వేళ్ళూనుకున్న భారతీయుల సంతతి. తను ముందు ఉగాండావాడు, ఆ తర్వాతే భారతీయుడు అనుకునే లాయరు. 1972 ఆగస్టులో ఉగాండా నియంత ఈదీ అమీన్ ఆసియావాళ్ళందరూ 90 రోజుల్లో దేశం విడిచి పొమ్మన్నాడు. చిన్ననాటి నుంచి అన్నదమ్ముల్లా పెరిగిన నల్లజాతి స్నేహితుడు ఒకెలో కూడా ‘ఇక ఇది నల్లవాళ్ళ ఆఫ్రికా’ అన్నాడు. ప్రాణం కాపాడుకోమని చెప్పడం అతని ఉద్దేశం. జైకి ఆ మాట ముల్లులా దిగింది. వెళ్ళేటప్పుడు స్నేహితుడికి సరిగా వీడ్కోలైనా చెప్పలేదు. ఇంగ్లండు మీదుగా మిసిసిపీలోని గ్రీన్‌వుడ్ చేరి, బంధువుల మోటెల్‌లో బతుకుతూ, పోయిన ఇంటి కోసం ఉగాండా ప్రభుత్వానికి ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాస్తూ ఉండిపోయాడు. కళ్ళ ముందు కూతురు పెరిగి పెద్దదవుతున్నా అతని మనసు మాత్రం ఆ ఇంటి కాగితాల్లోనే ఉంది.

చివరికి కోర్టు నుంచి కబురొచ్చి కంపాలా వెళతాడు. ఒకెలో గురించి వాకబు చేస్తే, అతను 1972లోనే హత్యకు గురయ్యాడని తెలుస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఎవరి మీద అలిగి కూర్చున్నాడో ఆ మనిషి అప్పుడే లేడు. అక్కడితో జై కేసు వదిలేస్తాడు. కథ ముగిసేది ప్రేమికుల మీద కాదు. కంపాలా వీధిలో, ఆడుతున్న జనం మధ్య, ఎవరిదో ఒక నల్లజాతి పసిబిడ్డను ఎత్తుకుని నిలబడ్డ ఆ నడివయసు మనిషి మీద. మీ భార్య ఏడ్చింది అక్కడేనని నా ఊహ.

మీ తెనాలి ఇంటికీ ఆ కంపాలా ఇంటికీ తేడా ఉంది, ఒప్పుకుంటాను. మిమ్మల్నెవరూ వెళ్ళగొట్టలేదు. టికెట్టు కొనుక్కుని ఎక్కారు, కావాలంటే రేపే వెళ్ళవచ్చు. అయినా ఏటా ఎవరూ ఉండని గోడలకు సున్నం వేయిస్తున్నారు. దాన్ని నేను వెక్కిరించడం లేదు, నాకూ అలాంటి తాళంచెవి ఒకటి బీరువాలో ఉంది. అయితే ఆ ఇంట్లో దీపం పెట్టే పని మీరు చేయలేదు, మీ అమ్మాయి మీద వేస్తున్నారు. మీరు వదిలి వచ్చినదాన్ని ఆమె పెళ్ళితో పూడ్చాలంటే ఎలా? అసలు ‘నాతోనే ఆగిపోతుంది’ అన్న మాట మీరు విమానం ఎక్కిన రోజు మీ నాన్నగారు అనుకుని ఉంటారు.

భాష ఆగిపోవడం గురించి ఒక్క మాట. 19వ శతాబ్దంలో కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. ఆ రేవు పేరుతోనే వాళ్ళను ‘కొరంగీలు’ అన్నారు. ఇప్పుడు వాళ్ళ మనవల మనవల ఇళ్ళలో వినిపించేది ఎక్కువగా ఫ్రెంచి నుంచి పుట్టిన క్రియోల్ భాష. అయినా ఆ దేశంలో ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది, బడుల్లో తెలుగు చెబుతారు. చెరకు తోటల్లో కూలీ చేసినవాళ్ళు అంత నిలబెట్టుకున్నారు. మీ అమ్మాయికి మీరు ఎన్ని తెలుగు పుస్తకాలు చదివి వినిపించారో నాకు తెలియదు కాబట్టి ఆ ప్రశ్న వేయను. మీరే వేసుకోండి.

మన కష్టంతో మనం పైకొచ్చాం అని మన తెలుగు సభల్లో తరచూ వింటాను. నిజమే, కష్టపడ్డారు. కానీ తలుపు తీసింది ఎవరు? 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే మన సిక్కు మనిషికి ‘నువ్వు తెల్లవాడివి కావు’ అని పౌరసత్వం నిరాకరించింది. 1946 దాకా మనవాళ్ళకు పౌరసత్వానికి అర్హత లేదు, అప్పుడు కూడా ఏడాదికి వంద మందికే వలస అనుమతి. ఆ గేటు నిజంగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. నల్లజాతివాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టాన్ని, 1965లో ఓటుహక్కు చట్టాన్ని సాధించుకున్న గాలిలోనే అదీ వచ్చింది. నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ పెళ్ళిళ్ళు జరగకూడదన్న చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 1967లో. అప్పటికి అలాంటి చట్టం ఉన్న 16 రాష్ట్రాల్లో మీరుంటున్న టెక్సాస్ ఒకటి. ఆ అబ్బాయి తాతగారు ఆ రోజులు చూసి ఉంటారు. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని అడగండి, మీ వీసా కథలో ఆయన కథ కూడా కొంత ఉందని తెలుస్తుంది.

ఆ సినిమాలో నాకు బాగా గుచ్చుకున్న చోటు వేరే ఉంది. కారు గుద్దుకున్నప్పుడు, కేసు పెడతాడేమోనన్న భయంతో మీనావాళ్ళ వైపు భారతీయుడు ఒకాయన డెమెట్రియస్ దగ్గర ‘మనమంతా రంగున్నవాళ్ళం, కలిసి ఉండాలి’ అని తీయగా మాట్లాడతాడు. ప్రేమ సంగతి బయటపడగానే మోటెళ్ళవాళ్ళు అతనికి ఇచ్చే తివాచీలు శుభ్రం చేసే పని మానిపిస్తారు. బ్యాంకు అప్పు మెడ మీదికి వస్తుంది. ఒక పేద కుర్రాడు కూడబెట్టుకున్న చిన్న వ్యాపారం కొన్ని ఫోన్లతో కూలిపోతుంది. మనం గట్టిగా అరవం, కొట్టం, పని మాత్రం తీసేస్తాం. ఈ పద్ధతి మన ఊళ్ళలో ఎవరి మీద ఎన్ని తరాలు నడిచిందో మీరు తెనాలి దగ్గర పెరిగినవారు, నేను చెప్పక్కర్లేదు. ‘కులం పట్టింపు లేదు’ అన్న మీ మాట నమ్ముతాను. ఆ అలవాటు మాత్రం పేరు మార్చుకుని కూడా ప్రయాణం చేస్తుంది.

ఇక మీ భయాల్లో న్యాయమైనది కూడా ఉంది. ఆ దేశంలో నల్లబిడ్డను పెంచడం తేలిక కాదు. రాత్రిపూట మనవడి కారును పోలీసులు ఆపితే మీ గుండె దడదడలాడుతుంది. జై కూడా డెమెట్రియస్‌తో ఇదే అంటాడు, తాను పడ్డ పాట్లు కూతురు పడకూడదని. ఆ యువకుడు తన బుగ్గ చూపించి, మీ రంగుకూ నా రంగుకూ తేడా ఎంత అన్నట్టు మాట్లాడతాడు. భయం నిజమైతే ఆ బిడ్డకు తాతయ్య ఎక్కువ అవసరం అవుతాడు, తక్కువ కాదు. ఇది అమ్మాయితో నేరుగా మాట్లాడండి, ‘వద్దు’ అనడానికి సాకుగా కాకుండా.

నచ్చజెప్పడం ఎలాగని అడిగారు. ఆ పని నాకు చేతకాదు, ఇరవై ఏడేళ్ళ ఫార్మసిస్టుకు నచ్చజెప్పే మంత్రం ఎవరి దగ్గరా లేదు. మీరు చేయగలిగింది చెబుతాను. ముందు ఆ మిగతా సినిమా చూడండి, ఒంటరిగా కాదు, అమ్మాయి పక్కన. అయ్యాక ‘నేను కొట్టేసిన వాక్యం ఒకటుంది’ అని ఆమెకు చెప్పండి. చాలా కష్టంగా ఉంటుంది. ఆమెకు అది ఎలాగూ తెలుసు, మీ నోటి నుంచి వినలేదు అంతే.

తర్వాత ఆ అబ్బాయిని కలవండి. పదిమంది బంధువుల మధ్య పిలిపించి పరీక్షకు కూర్చోబెట్టినట్టు కాదు, మీరిద్దరే, కాఫీ తాగుతూ. ఏ సంబంధానికైనా ఏమేమి విచారిస్తారో అవన్నీ విచారించండి. చదువు అప్పు ఎంత మిగిలింది, కోపం వస్తే ఏం చేస్తాడు, తాగుతాడా, వాళ్ళమ్మతో ఎలా మాట్లాడతాడు, మీ అమ్మాయి ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్ళాల్సి వస్తే కదులుతాడా. వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబమైతే పిల్లల సంగతి ఏమిటి. ఇవి అడగడం మీ హక్కు. వీటిలో తేడా వస్తే వద్దనండి, అప్పుడు మీ మాటకు విలువ ఉంటుంది. రంగు చూసి వద్దన్న నోటితో రేపు అతను నిజంగా చెడ్డవాడని చెప్పినా ఆమె వినదు.

మీ ఉత్తరం చివరి మడతలో ‘నాకు బీపీ ఉందని అమ్మాయికి తెలుసు’ అని సన్నగా రాశారు. ఆ ఆయుధం కింద పెట్టండి. నలుగురూ ఏమనుకుంటారన్నదానికి నేను స్థలం వృథా చేయను. అనుకుంటారు, మూడు నెలలు. తర్వాత ఇంకెవరి అమ్మాయో దొరుకుతుంది.

నేను ఈ శీర్షిక మొదలుపెట్టిన రోజుల్లో కులాంతర వివాహాల ఉత్తరాలు వచ్చేవి. అవి తగ్గలేదు, వాటికి ఖండాంతరాలు తోడయ్యాయి. రెండింటిలోనూ ఒక సంగతి మారలేదు. తండ్రి రాస్తాడు, కూతురు రాస్తుంది, తల్లి ‘ఏడ్చింది’ అన్న ఒక్క మాటలో ఉంటుంది. ఆ సినిమాలోనూ అంతే. షర్మిలా టాగోర్ వేసిన తల్లి కిన్ను, భర్త కోర్టు కాగితాలు పట్టుకుని కూర్చున్నన్నాళ్ళూ మద్యం దుకాణం నడిపి సంసారం లాగుతుంది. ఆమె ఏమనుకుంటోందని ఎవరూ పెద్దగా అడగరు. మీ ఇంట్లో మాటల్లేవన్నారు కదా, మరి ఇప్పుడు కబుర్లు మోస్తున్నది ఎవరు? అమ్మకు చెప్పు, నాన్నకు చెప్పు అని మీరిద్దరూ ఆమెను తపాలా మనిషిని చేసి ఉంటారు.

ఆమెను ఏడుపు కారణం అడిగారా? అడిగాక, నాకు ఒక ఉత్తరం రాయమనండి. మీరు చదివి దిద్దకుండా, ఆమె చేతిరాతలోనే పంపించండి.