పొక్కు పచ్చిగా ఉన్నప్పుడే డాక్టరుకు చూపించండి

తొమ్మిది రోజుల క్రితం ఒకరితో కలిశారు, కండోమ్ వాడారు, అయినా నిన్నటి నుంచి జననాంగాల దగ్గర మంట, మూడు చిన్న ఎర్రటి పొక్కులు. ఇది కలయికతో అంటుకునే హెర్పిస్ అనే వైరస్ జబ్బేనా, రేపు రక్తపరీక్ష చేయించుకుంటే తేలుతుందా అని అడిగారు. రేపటి రక్తపరీక్షతో తేలదు. కానీ పొక్కులు నిన్ననే వచ్చాయి కాబట్టి తేల్చుకునే దారి మీకు ఇంకా ఉంది. ఆ దారిని నేను సిగ్గుతో పోగొట్టుకుని మూడు నెలలు నరకం అనుభవించాను.

నాకు వారం తర్వాత మొదలైంది. ఒకే చోట రెండు పొక్కులు, పక్కన చర్మం కాస్త లేచి చెమ్మగా ఉండేది. రాత్రిళ్లు స్నానాల గది గడియ వేసుకుని, ఒక చేత్తో అద్దం, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఆ వెలుతురులో చూసుకునేవాణ్ణి. చూసిన ప్రతిసారీ ఒక్కో రకంగా కనిపించేది. భయంతో క్రిమినాశక ద్రావణం పెట్టి రోజుకు నాలుగుసార్లు కడిగాను. చుట్టూ చర్మమంతా ఎర్రబడి మండింది. నేను తెచ్చుకున్న ఆ మంటను కూడా జబ్బు లక్షణంగానే లెక్కవేసుకున్నాను. మీరూ అలా కడుగుతుంటే ఈ రాత్రే ఆపేయండి, మామూలు నీళ్లు చాలు. ఆయింట్‌మెంట్లేవీ పూయకండి, పొక్కులు గిల్లకండి.

పొక్కులు లేచిన తొమ్మిదో రోజున చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి అవి ఎండి పొలుసు కట్టాయి. ఆమె గజ్జల్లో వేళ్లతో నొక్కి బిళ్లలేమైనా కట్టాయా అని చూశారు, జ్వరం వచ్చిందా, మూత్రం పోసేటప్పుడు మండిందా అని అడిగారు. తర్వాత, "ఇవి లేచిన ఒకటి రెండు రోజుల్లో వచ్చి ఉంటే దూదిపుల్లతో తడి తీసి పంపేవాళ్లం. ఇప్పుడు తీసి లేదని వచ్చినా నమ్మలేం" అన్నారు. పచ్చి పొక్కు నుంచి తీసిన నమూనాకు పీసీఆర్ పరీక్ష చేస్తే వైరస్ ఉందో లేదో, ఉంటే ఒకటో రకమో రెండో రకమో కూడా తెలుస్తుంది. ఒకటో రకమైతే జననాంగాల దగ్గర తిరగబెట్టడం బాగా తక్కువ.

రక్తపరీక్ష వెతికేది వైరస్‌ను కాదు, దానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి పూర్తిగా కనబడడానికి 12 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఎవరినీ అడగకుండా నేను ముందే ఐజీఎం (మొదట పుట్టే యాంటీబాడీల) పరీక్ష చేయించుకున్నాను. పాజిటివ్ అని వచ్చింది. రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. డాక్టరు ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. ఆ పరీక్ష కొత్త జబ్బును పాతదాని నుంచి వేరు చేయలేదు, లేనివాళ్లకూ ఉన్నట్టు చూపిస్తుంది. ఆ 12 వారాల గడువు దాటాక చేసిన ఐజీజీ (తర్వాత పుట్టి నిలిచి ఉండే యాంటీబాడీల) పరీక్షలో రెండు రకాలూ లేవని వచ్చింది. ఈలోగా తువ్వాలు విడిగా దాచుకుంటూ, ఇంట్లో ఎవరి పక్కనా కూర్చోకుండా గడిపాను. హెర్పిస్ తువ్వాళ్లతో, మరుగుదొడ్డి సీటుతో అంటదని నాకు అప్పుడు తెలియదు.

మీ విషయంలో, హెర్పిస్ సాధారణంగా 2 నుంచి 12 రోజుల్లో బయటపడుతుంది కాబట్టి తొమ్మిది రోజులనేది కొట్టిపారేయదగ్గది కాదు. కండోమ్ అంటే ప్రమాదం తగ్గించేదే, అది కప్పని చర్మం నుంచి కూడా వైరస్ అంటుకోగలదు. అలాగని మూడు పొక్కులు కనబడగానే హెర్పిస్ అని ఖాయం చేసుకోకండి. గొరిగిన చోట వెంట్రుక కుదురు వాచినా, రాపిడి తగిలినా, కండోమ్ రబ్బరు ఒంటికి పడకపోయినా, ఫంగస్ సోకినా ఇలాగే ఉండవచ్చు. వర్ణన చదివి ఇది ఫలానా అని చెప్పగలవారు లేరు, నేనూ చెప్పలేను. ఎలాగూ వెళ్తున్నారు కనుక సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించుకోవాలో కూడా అడగండి. నొప్పి లేని పుండు సిఫిలిస్‌ది కావచ్చు.

ఒకవేళ హెర్పిసే అయితే ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ వంటి మాత్రలున్నాయి. అవి వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా పంపేయవు కానీ పుళ్లు త్వరగా మానుతాయి. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, అందుకే తొలిసారి వచ్చినప్పుడు చాలామంది డాక్టర్లు ఫలితం కోసం ఆగరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అంచనా ప్రకారం 15 నుంచి 49 ఏళ్లవారిలో దాదాపు 52 కోట్ల మందికి రెండో రకం హెర్పిస్ ఉంది. వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు. మీరు తప్పు చేసినందుకు పడిన శిక్ష అనుకోకండి, ఇది చర్మానికి వచ్చే ఒక వైరస్. తేలేవరకు మాత్రం ఎవరితోనూ కలవకండి, నోటితో కూడా వద్దు.

నేను మొదటిసారి ఒక ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్లి, ఎందుకొచ్చారని అడిగితే "అలర్జీ" అని చెప్పి వెనక్కి వచ్చేశాను. అందుకే మీరు చెప్పాల్సిన మాట ముందే రాసిస్తున్నాను. బయట అడిగినవారికి "చర్మ సమస్య" అంటే చాలు. లోపల డాక్టరుతో, "పది రోజుల క్రితం కలయిక జరిగింది, రెండు రోజుల నుంచి పొక్కులున్నాయి, ఇంకా ఎండలేదు, నమూనా తీసి హెర్పిస్ పీసీఆర్‌కు పంపగలరా?" అనండి. నోరు పెగలకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. రేపు ఉదయమే వెళ్లండి.