టోన్లు వినిపిస్తున్నా డీకోడర్ పట్టడం లేదంటే...

మీ స్టేషన్‌లోని ఈఏఎస్ (అమెరికా అత్యవసర హెచ్చరికల వ్యవస్థ) డీకోడర్ గురించి అడిగారు. ఎల్‌పీ-1 స్టేషన్ (మీ ప్రాంతంలో అలర్ట్‌ల కోసం మిగతా స్టేషన్లు వినే ప్రధాన స్టేషన్) స్పీకర్‌లో స్పష్టంగా వినిపిస్తోంది, అయినా వారపు టెస్ట్ మాత్రం లాగ్‌లో పడటం లేదన్నారు కదా. టెన్షన్ పడకండి, డీకోడర్ బాక్స్ పాడైందని ఇప్పుడే అనుకోవద్దు.

ముందు రిసీవర్ నుంచి వచ్చే ఆడియో లెవెల్ చూడండి. అలర్ట్ మొదట్లో వచ్చే హెడర్ అంటే 2083.3, 1562.5 హెర్ట్జ్ టోన్ల మధ్య సెకనుకు సుమారు 521 బిట్ల వేగంతో మారే డేటా. దాన్ని మూడుసార్లు పంపుతారు. లెవెల్ ఎక్కువై శబ్దం చిట్లితే మన చెవికి బాగానే ఉంటుంది, డీకోడర్‌కు మాత్రం అర్థం కాదు. మా స్టేషన్‌లో సరిగ్గా ఇదే జరిగింది. మీటర్ ఎర్రగీతకు అతుక్కుపోయి ఉండేది, నాబ్ కొంచెం తగ్గించాక తర్వాతి టెస్టే లాగ్‌లో పడింది. ఎఫ్ఎం సిగ్నల్ బలహీనంగా ఉంటే రిసీవర్‌ను మోనోలో పెట్టండి, బర బర చాలా తగ్గుతుంది.

గడియారం కూడా చూడండి. హెడర్‌లో ఉండేది యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక) సమయం. టైమ్ జోన్ తప్పుగా పెడితే అప్పుడే వచ్చిన అలర్ట్‌ను కూడా గడువు దాటిందని బాక్స్ వదిలేయవచ్చు.

ఈలోగా టెస్ట్ అందని ప్రతి వారం కారణాన్ని స్టేషన్ లాగ్‌లో తప్పకుండా రాయండి, ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన అది. రెండో మానిటరింగ్ సోర్స్ (అలర్ట్‌ల కోసం డీకోడర్ వినే రెండో స్టేషన్) సెట్టింగ్‌ను మాత్రం కదిలించకండి.